కల్పితగాయకుల గురుపరంపర: కలభాషిణి మొదలు తులసి వఱకు

కావ్యములందును నాటకములందును కల్పింపబడిన పాత్రలకు చరిత్ర యుండదని లోకమున నొక యభిప్రాయము కలదు. రాజులకు శాసనములున్నవి, కవులకు గ్రంథములున్నవి. కల్పితపాత్రమునకు కర్త యొక్కడే యాధారము గావున, అది యతని బుద్ధిలో బుట్టి యతని గ్రంథముతోనే ముగియునని పలువురు తలంచుచుందురు. ఈ యభిప్రాయము పూర్తిగా సత్యము గాదు. జనులు కల్పితపాత్రమును నిజమైన మనుష్యునివలె దలచి, దాని పేరును సామెతగా వాడుకొని, ఆ కొలతతో తమ కాలపు మనుష్యులను తూచుట సంభవించినపుడు ఆ పాత్రము చరిత్రలోనికి వచ్చినదనియే చెప్పవలయును. 'కన్యాశుల్కము'నందలి గిరీశమును మధురవాణియు నట్లు వచ్చినవారే. చలనచిత్రములు పుట్టిన పిమ్మట నట్లు వచ్చిన వారిలో 1980 ఫిబ్రవరి 2వ తేదీని విడుదలయైన 'శంకరాభరణము' చిత్రమందలి శంకరశాస్త్రి ముఖ్యుడు. ఈ పేరు గల గాయకు డెన్నడును పుట్టలేదు. అయినను తెలుగునాట సంప్రదాయసంగీతమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు, నిజముగా జీవించిన పెక్కుమంది విద్వాంసుల పేళ్లకంటె ముందుగా నీ పేరే సామాన్యజనుల నోట వినవచ్చును.

ఇట్టి పాత్రమును గూర్చి విచారింపదగిన ప్రశ్నలు పెక్కులున్నను వానిలో నొక్కటి ప్రధానము. గాయకుడన్నవానికి గురువుండును, శిష్యుడుండును. సంగీతము గ్రంథమున నిలుచునది గాదు. కంఠమునుండి కంఠమునకు సంక్రమించునది. కావున కల్పితగాయకుని కథ యేదైనను తుద కొక వారసత్వపు కథ యగును: ఈ విద్య యెవరిది, దీని నెవరికీయవలెను, ఎవరికి నిరాకరించిరి? తెలుగుసాహిత్యమున నీ ప్రశ్న చలనచిత్రములతో బుట్టినది గాదు. దీనికి నన్నూఱేండ్లకు మించిన పూర్వచరిత్ర కలదు.

పదునాఱవ శతాబ్దివాడైన పింగళి సూరనార్యుడు 'కళాపూర్ణోదయము'ను రచించి నంద్యాల కృష్ణరాజునకు అంకితము చేసెను. ఆ ప్రబంధమున కథ కంతకును మూలము సంగీతమందలి యొక మాత్సర్యము. తుంబురుని గానమునకు విష్ణుసన్నిధిని కలిగిన గౌరవమును జూచి నారదుడు సహింపలేక, అతనిని మించవలెనను పట్టుదలతో సంగీతము నేర్వబూనెను. తుదకు ద్వారకకు వచ్చి శ్రీకృష్ణు నాశ్రయింపగా, ఆయన నారదుని తన యంతఃపురకాంతలకు శిష్యునిగా నప్పగించెను. జాంబవతియు, సత్యభామయు, రుక్మిణియు వరుసగా నారదునకు గురువులైరి. నారదుడు స్త్రీలయొద్ద సంగీతము నేర్చుట లింగపురాణాదులందును కలదు గాన, ఇంతవఱకు సూరన కథ పురాణము ననుసరించినదే.

పురాణమున లేక సూరన కల్పించినది కలభాషిణి పాత్రము. ఆమె ద్వారకానగరమందలి వేశ్యాకన్యక. నారదుని శిష్యుడైన మణికంధరునకు అంతఃపురప్రవేశము లేదు. ఆతనికి శ్రీకృష్ణుడే స్వయముగా విద్య చెప్పెను. కలభాషిణియో, నారదుని వీణను మోయు నెపమున నంతఃపురమునకు బోయి, ఆతడు నేర్చిన విద్య నంతయు నాతనితోపాటు తానును నేర్చెను. ఈ సన్నివేశమును సూక్ష్మముగా బరిశీలించినచో మూడంశములు స్పష్టమగును. మొదటిది, విద్య నిచ్చువారు స్త్రీలు. రెండవది, విద్య గొన్నవారిలో నొకతె వేశ్యాకులమున బుట్టినది. మూడవది, ఆమె తలుపు దాటి లోనికి బోవుటకు ఆధారమైనది సేవకురాలి వేషము. వీణ మోయుట సేవ. వీణ నేర్చుట విద్య. సూరన ఈ రెంటికిని నడుమ గోడ కట్టలేదు. కలభాషిణి విద్యార్హతను గూర్చి ఆ గురుపత్నులలో నెవ్వరును సందేహింపలేదు.

సూరన కాలమున సంగీతనృత్యములు రాజాస్థానములందును దేవాలయములందును ఎక్కువగా నాయా కులముల స్త్రీలయధీనమున నుండెడివి. అందుచేత కలభాషిణి పాత్రము నాటి పాఠకులకు వింతగా దోపదు. వింతగా దోపుట మన కాలమునకు వచ్చిన మార్పు.

ఇక కల్పితకథలనుండి చారిత్రకుల కథలకు వత్తము. తంజావూరు రెండవ శరభోజి మహారాజు 1798 మొదలు 1832 వఱకు సింహాసనమున నుండెను. ఆతని యాస్థానమున శంకరాభరణ రాగాలాపమునందు మేటియైన నరసయ్య యను విద్వాంసుడుండెను. ఆ రాగమే యాతనికి బిరుదమై, ఆతడు శంకరాభరణము నరసయ్య యనబడెను. ఆతనిని గూర్చి యొక వృత్తాంతము ప్రసిద్ధము. ధనావశ్యకము కలిగి నరసయ్య కపిస్థలమునందలి రామభద్ర మూపనారు నొద్ద అప్పు తీసికొన బోయెను. తాకట్టు పెట్టుటకు వస్తువేమియు లేకపోగా, తన శంకరాభరణ రాగమునే తాకట్టు పెట్టి, అప్పు తీరువఱకు ఆ రాగము నెక్కడను పాడనని పత్రము వ్రాసి యిచ్చెను. పిమ్మట కుంభకోణమున నొక శ్రీమంతుని యింట వివాహమునకు ఆతనిని పిలిచి శంకరాభరణము పాడుమని కోరగా, ఆతడు తాకట్టు సంగతి చెప్పెను. ఆ గృహస్థు రుణము తీర్చి రాగమును విడిపించెను. తోడి రాగమును బిరుదముగా గల సీతారామయ్యను గూర్చియు నిట్టి కథయే కలదు. మహామహోపాధ్యాయ స్వామినాథయ్యరు తమిళమున నరసయ్య చరిత్రమును వ్రాసి యీ వృత్తాంతమును స్థిరపఱచెను.

ఈ కథయందలి యర్థము విచారింపదగినది. రాగము నెవరైనను పాడవచ్చును. అది యొకని సొత్తుగా నుండదు. అయినను నరసయ్య గొంతున నది సొత్తువలె నుండెను. తాకట్టునకు వచ్చెను, విడుదలయు బొందెను. అప్పిచ్చినవాడు దాని నంగీకరించుట చూడగా నా కాలమున గాయకుని మాటకును రాగమునకును గల విలువ తెలియును. అయితే తాకట్టు పెట్టుట యొకటి, దానము చేయుట మఱియొకటి. నరసయ్య తన రాగమును తాత్కాలికముగా విడిచెను. ఎవరికి నిచ్చెనో ఆ కథ చెప్పదు. వారసు డెవడను ప్రశ్న అక్కడ మిగిలిపోయినది.

కళాతపస్వి యనబడిన కాశీనాథుని విశ్వనాథ్ దర్శకత్వమున, ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన 'శంకరాభరణము'నందు కథానాయకునకు బిరుదము రాగమే. శంకరాభరణము శంకరశాస్త్రి యను పేరు వినగనే నరసయ్య పేరు స్ఫురించును. దర్శకుడు నరసయ్య కథను అనుసరించెనని చెప్పుట కాధారము లేదు. రాగము బిరుదముగా గల గాయకుల సంప్రదాయములోని వాడుగా శాస్త్రి కల్పింపబడెననుట మాత్రము నిశ్చయము. ఆతడు చిత్రమున పాడునవి యన్నియు కల్పితములు గావు. వేటూరి సుందరరామమూర్తి వ్రాసిన పాటలతోపాటు భద్రాచల రామదాసు కీర్తనలును, సదాశివబ్రహ్మేంద్రుల కృతియు, మైసూరు వాసుదేవాచార్యుల కృతియు నందు వినబడును. కల్పితుడైన గాయకుడు నిజమైన వాగ్గేయకారుల కృతులను పాడుటచేత, ఆ పాత్రమున కొక సంప్రదాయగౌరవము సిద్ధించినది.

కథ సంగ్రహముగా నిట్లున్నది. శంకరశాస్త్రి విధురుడు, నియమనిష్ఠలు గలవాడు. తులసి యను యువతి వేశ్యాకులమున బుట్టి, నృత్యము నేర్చి, శాస్త్రి గానమునందు దైవభక్తి వంటి భక్తి గలది. ఆమె తల్లి ఆమెను ధనవంతునకు అమ్మజూచెను. ఆతడు తులసిని బలాత్కరించి, శాస్త్రి ఛాయాచిత్రము నవమానింపగా, ఆమె యాతనిని చంపెను. శాస్త్రి న్యాయవాది సహాయమున నామెను విడిపించి తన యింట నుంచుకొనగా, లోకము నిందించెను. ప్రక్కవాద్యములవారును ఆతనిని విడిచిపోయిరి. తనవలన శాస్త్రికి కళంకము వచ్చుచున్నదని తులసి వెడలిపోయెను. కాలక్రమమున జనుల యభిరుచి మాఱి, శాస్త్రి కచేరీలు తఱగి, దారిద్ర్యము వచ్చెను. ఆ బలాత్కారమువలన బుట్టిన కుమారునకు తులసి శంకరమను పేరుపెట్టి, ఆతనిని అనాథబాలునివలె శాస్త్రి యింటికి బంపెను. బాలుడు సేవ చేయుచు విద్య నేర్చెను. తుదకు తులసి తనకు సంక్రమించిన ధనముతో శాస్త్రి పేర మందిరము కట్టించి, అందు నాతని కచేరి జరిపించెను. పాడుచుండగా శాస్త్రికి శక్తి తప్పెను. బాలుడు గానమును కొనసాగించెను. శాస్త్రి తన కాలి గండపెండేరమును బాలుని కాలికి దొడిగి ప్రాణము విడిచెను; తులసియు నాతని పాదముల చెంతనే మరణించెను.

గండపెండేరము తెలుగువారికి క్రొత్త వస్తువు గాదు. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దన కాలికి గండపెండేరమును స్వహస్తముతో దొడిగెనని ప్రతీతి కలదు. అక్కడ నిచ్చినవాడు రాజు, గొన్నవాడు కవి, అది రాజగౌరవము. చిత్రమున నిచ్చినవాడు గురువు, గొన్నవాడు శిష్యుడు, అది వారసత్వము. నరసయ్య కథలో మిగిలిపోయిన ప్రశ్నకు ఇక్కడ సమాధానము దొరకినది. శంకరాభరణము ఈసారి తాకట్టు పడలేదు, దానము చేయబడినది. గొన్న బాలుడు వేశ్యాకులమున బుట్టిన తులసి కుమారుడు. కులమును బట్టి విద్యార్హతను నిర్ణయించు నాచారమును చిత్రకథ యిచ్చట విడిచినదనుట నిర్వివాదము. ఆ ధైర్యమునకు తగిన గౌరవ మీయవలసియున్నది.

అయితే కలభాషిణి కథ నెఱిగినవారు ఈ సన్నివేశమున నొక లోపమును గమనింపక మానరు. సేవకవేషముతో గురువు ఇల్లు జొచ్చి విద్య నేర్చుట రెండు కథలందును కలదు. సూరన కథలో లోనికి బోయి నేర్చినది వేశ్యాకన్యక. చిత్రకథలో వేశ్యాకన్యక వాకిటనే నిలిచి, తన కుమారుని లోనికి బంపెను. తులసి శాస్త్రికి శిష్యురాలు కాలేదు; శ్రోతయు, భక్తురాలును, పోషకురాలును మాత్రమే యైనది. ఆమె కళ నృత్యము. దానికి శాస్త్రి గానము ప్రేరణ మైనను, గండపెండేరపు వరుసలో నా నృత్యమునకు స్థానము లేదు. పదునాఱవ శతాబ్దికవి స్త్రీకి తిన్నగా నిచ్చిన విద్య యిరువదవ శతాబ్దిచిత్రమున నామె గర్భముద్వారా మాత్రమే సంక్రమించినది. ఈ భేదమునకు కారణము దర్శకుని హృదయమున గాక చరిత్రమున వెదుకదగును.

ఆ చరిత్రమునకు బెంగుళూరు నాగరత్నమ్మ జీవితము సాక్ష్యము. ఆమె 1878లో జనించి 1952లో దివంగతయైనది. సంగీతమునందును తెలుగు సంస్కృత సాహిత్యములందును పాండిత్యము గలది. దేవదాసీకులమున బుట్టినది. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమందలి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను ఆమె పరిష్కరించి 1910లో ప్రకటించెను. అంతకుముందే కందుకూరి వీరేశలింగము పంతులు ముద్దుపళనిని గర్హించియుండెను. పిమ్మట ఆంగ్లప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులు మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నుండిన కాలమున నా నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు దానిని మరల ముద్రించిరి. కవయిత్రి రచించినదానిని, వేశ్యాకులస్త్రీ పరిష్కరించినదానిని, లోకమున నిలుపుట కీ విధముగా నలువదియేండ్లకు మించిన కాలము పట్టినది.

ఆ నాగరత్నమ్మయే తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి శిథిలమై యుండుట విని, తన యార్జితమును వెచ్చించి, దానికి మందిరము కట్టించెను. 1925లో నక్కడ ప్రతిష్ఠ జరిగినది. కాని యక్కడ జరుగు నారాధనోత్సవమున పాడుటకు స్త్రీల కధికారము లేకుండెను. మందిరము కట్టించినది యామె. మందిరమున పాడువారు పురుషులు. ఇది సహింపక 1927లో నామె స్త్రీలకు వేఱుగా ఆరాధన నేర్పఱచెను. వేర్వేఱు పక్షములుగా జరుగుచుండిన యుత్సవములు 1940, 1941 ప్రాంతమున నేకమైన పిమ్మట స్త్రీలును నందు పాడిరి. త్యాగరాజు సన్నిధి చెంతనే నాగరత్నమ్మ సమాధియు నిప్పుడు గాననగును.

తులసి కథతో నీ వృత్తాంతమును బోల్చి చూడవలయును. ఇరువురును గాయకునియందు గల భక్తిచే తమ ధనముతో మందిరము గట్టించినవారు. ఇరువురును వేశ్యాకులమున బుట్టినందుచే నింద నెఱిగినవారు. ఇరువురును తాము కొలిచిన గాయకుని పాదసన్నిధినే కడపటి విశ్రాంతిని గోరినవారు. కాని నాగరత్నమ్మ మందిరముతో దృప్తి నొందక, తాను గట్టించిన చోట తాను పాడుటకు పదునాలుగేండ్లు పోరాడెను. తులసి యా యధికారము నడుగనైన నడుగలేదు. కల్పితపాత్రము చారిత్రకస్త్రీకంటె వినయముగలది యయ్యెను. ప్రేక్షకుల కన్నుల నీరు దెప్పించినది ఆ వినయమే. దానివలన మఱుగుపడినది నిజమైన పోరాటము.

1947లో మదరాసు ప్రభుత్వము బాలికలను దేవాలయములకు దేవదాసీలుగా సమర్పించుటను నిషేధించుచు శాసనము చేసినది. దురాచారము తొలగుట మేలే. కాని ఆ దురాచారముతోడనే యాయా కులముల స్త్రీలకు గల కళావృత్తికిని లోకమున మర్యాద తఱిగినది. పలువురు ఆ విద్యలను విడిచిరి. పూర్వము వారియొద్దనుండిన సంగీతనృత్యములు ఇతరకులముల వారికి జేరి గౌరవము బొందినవి. ఈ మార్పు జరిగిన ముప్పదిమూడేండ్లకు 'శంకరాభరణము' వెలువడినది. అప్పటికి సంప్రదాయసంగీతము బ్రాహ్మణగురువుల సొత్తని సామాన్యజనుల నమ్మకము స్థిరపడియుండెను. అందుచేత వేశ్యాకులబాలునకు గురువు విద్య నిచ్చుట యుదారమైన దానముగా దోచెను. పూర్వచరిత్ర నెఱిగినవారి కది కొంతవఱకు తిరిగి యిచ్చుటయే యని తోచును.

ఇంతవఱకు చెప్పినది కథను గూర్చి. చలనచిత్రమున కథతోపాటు విచారింపవలసిన మఱియొక యంశము కలదు. తొలినాటి మాటలాడు చిత్రములందు నటులే తమ పాటలను పాడుకొనెడివారు. 1946లో 'త్యాగయ్య'ను నిర్మించి నటించిన చిత్తూరు నాగయ్య తానే పాడెను. నేపథ్యగానము వ్యాపించిన పిమ్మట తెరపై గాయకుడు రెండు శరీరములు గలవాడయ్యెను: కనబడువా డొకడు, వినబడువా డొకడు. 1959లో వచ్చిన 'జయభేరి'యందు నర్తకిని వరించి వెలివేయబడిన పండితగాయకుడు కాశీనాథునిగా అక్కినేని నాగేశ్వరరావు కనబడెను. ఘంటసాల వేంకటేశ్వరరావు వినబడెను. కల్పితగాయకు డెవడను ప్రశ్నకు ఈ యిరువురను విడదీసి సమాధానము చెప్పుట సాధ్యము గాదు.

శంకరశాస్త్రిగా కనబడినవాడు జె. వి. సోమయాజులు. ఆయన వృత్తిచే ప్రభుత్వ రెవెన్యూశాఖలో నుద్యోగి. నాటకరంగమున 'కన్యాశుల్కము'నందలి రామప్పపంతులు వేషమునకు ప్రసిద్ధుడు. శాస్త్రిగా వినబడినవాడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము. ఆయన సంప్రదాయసంగీతమును గురుముఖమున క్రమముగా నభ్యసించినవాడు గాడు. చలనచిత్రములందలి లలితమైన పాటలతో కీర్తి గడించినవాడు. లలితసంగీతమును ఈసడించు శాస్త్రిపాత్రమునకు కంఠము నిచ్చినది లలితసంగీతమునందు పేరుగన్న గాయకుడే. సంగీతదర్శకుడైన కె. వి. మహాదేవన్ శిక్షణమున నాతడు పాడిన తీరునకు 1979వ సంవత్సరపు చిత్రములకు సంబంధించిన జాతీయపురస్కారము లభించినది. మహాదేవనుకును అప్పుడే జాతీయపురస్కారము వచ్చినది.

వారసుడైన శంకరము సంగతి మఱింత విచిత్రము. ఆ బాలునిగా తెరపై నటించినది బాలిక. ఆమె పేరును తులసియే. బాలుని కంఠముగా వినబడినది వాణీ జయరాము. వేలూరున 1945లో జనించిన యీ విదుషీమణికి కూడ ఈ చిత్రమందలి గానమునకే జాతీయపురస్కారము వచ్చినది. పండ్రెండేండ్లకు, 1992లో, విశ్వనాథ్ దర్శకత్వమున 'స్వాతికిరణము' వెలువడినది. అందు మలయాళనటుడు మమ్ముట్టి అనంతరామశర్మ యను గాయకుడుగా నటించెను. శిష్యుడైన గంగాధరముయొక్క ప్రతిభను సహింపలేక గురువు మాత్సర్యమున దహించుకొనిపోగా, బాలుడు గురువు మనశ్శాంతికై ప్రాణము విడుచును. నారదుని మాత్సర్యము ఇచ్చట గురుశిష్యుల నడుమకు వచ్చినది. సూరన హాస్యమునకు బదులు శోకము వచ్చినది. ఆ చిత్రమునకును సంగీతము మహాదేవనుదే. గంగాధరమునకు కంఠము నిచ్చినది మరల వాణీ జయరామే; ఆమెకు మరల జాతీయపురస్కారము వచ్చినది.

ఈ రెండు చిత్రములను గలిపి చూచినచో నొక విశేషము స్ఫుటమగును. తెలుగు చలనచిత్రములందు మిక్కిలి ప్రసిద్ధములైన రెండు గురుశిష్యకథలందును శిష్యుడు బాలుడని కథ చెప్పును. శిష్యుని స్వరము స్త్రీది యని చెవి చెప్పును. గురువు లెవరును కథలో స్త్రీకి విద్యావారసత్వము నీయలేదు. కాని ప్రేక్షకులు విన్న వారసత్వము స్త్రీకంఠముననే నడచినది. కలభాషిణి వీణ మోయు వేషమున లోనికి బోయినట్లు, ఇక్కడ స్త్రీస్వరము బాలవేషమున గురుపరంపరలోనికి బోయినది.

దీనికి పండితులు ఆక్షేపణము చెప్పవచ్చును. మీసము రాని బాలుని గొంతు స్త్రీగొంతునకు దగ్గఱగా నుండును గాన, చిత్రములందు బాలురకు స్త్రీలు పాడుట వాడుక. ఇది సౌకర్యమేగాని సంకేతము గాదు అని. ఈ యాక్షేపణము న్యాయమైనదే. దర్శకు డేదో గూఢార్థము నుద్దేశించి యిట్లు చేసెనని చెప్పుట కవకాశము లేదు. కాని సౌకర్యము వేఱు, ఫలము వేఱు. శాస్త్రి శక్తి తప్పినపుడు పాటను నిలబెట్టినది యెవరి కంఠమని విచారించినచో, వినబడుచున్నది వాణీ జయరాము కంఠమే. పురస్కార మిచ్చినవారును ఆ కంఠమునే గుర్తించిరి. కర్త యుద్దేశింపని యర్థము కృతియందుండుట సాహిత్యవేత్తలకు క్రొత్త గాదు.

మఱియొక యాక్షేపణమును కలదు. తులసి నర్తకియేగాని గాయని గాదు, కావున గానవారసత్వ మామె కీయలేదనుట దోషము గాదు అని. దీనికి సమాధానము కలభాషిణియే. ఆమెయు నేర్పుమని యడుగుటచే గాయని యయ్యెను. సూరన యామెచేత నడిగించెను; చిత్రకర్త తులసిచేత నడిగింపలేదు. భేదమంతయు నడుగుటలో నున్నది. పాత్రమునకు కోరిక నిచ్చుట కవి చేతిలోనిది. ఏ కోరిక యుచితమని తోచునో నిర్ణయించునది కాలము.

ఇందువలన 'శంకరాభరణము'యొక్క గౌరవమునకు లోపము గలుగదు. సంప్రదాయసంగీతము జనులకు దూరమైన కాలమున, ప్రసిద్ధులైన నాయకనటులు లేకయే, ఆ చిత్రము తెలుగునాటనేగాక తమిళ మలయాళ దేశములందును ఆదరింపబడినది. దానిని జూచి సంగీతము నేర్వబూనిన బాలబాలికలు పెక్కురు. గ్రంథములు చేయలేని మేలును కల్పితగాయకు డొకడు చేసెను. ఆ మేలు నంగీకరించుచునే ఆ కథలో మఱుగైనవారిని గుర్తించుట పరిశోధకుల పని.

విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2వ తేదీని, అనగా 'శంకరాభరణము' విడుదలయైన దినముననే, దివంగతుడయ్యెను. రెండు దినములకు, 4వ తేదీని, వాణీ జయరాము మరణించెను. శాస్త్రికంఠమైన బాలసుబ్రహ్మణ్యము 2020 సెప్టెంబరు 25వ తేదీననే గతించెను. సోమయాజులు 2004లోనే గతించెను. శంకరశాస్త్రి యను నొక్క కల్పితగాయకుని నిర్మించినవారిలో ముఖ్యు లిట్లు లేరైరి. మిగిలినది పాత్రము.

ఈ పాత్రమును పాఠశాలలందు బాలురకు చెప్పునపుడు గురుభక్తికి దృష్టాంతముగా చెప్పుట వాడుక. అది యుచితమే. కాని కథను శంకరునకు దొడిగిన గండపెండేరముతో ముగింపక, మఱి రెండు మాటలు కలిపి చెప్పిన మేలు. ద్వారకలో వీణ మోసికొనిపోయి విద్య నేర్చిన కలభాషిణిని జ్ఞాపకము చేయవలయును. తాను గట్టించిన సన్నిధిలో తాను పాడుటకై పోరాడిన నాగరత్నమ్మను జ్ఞాపకము చేయవలయును. ఒకతె కల్పిత, ఒకతె చారిత్రక. వారిరువురి నడుమ తులసిని నిలిపి చూచినగాని, శాస్త్రి వారసత్వ మెవరినుండి వచ్చి యెవరికి జేరినదో పూర్తిగా బోధపడదు.